పదడుగులు వెనక్కి

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు. బండి కదిలినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"అమ్మాజీ టీ బండి దగ్గర."

"ఏం చేస్తున్నావు?"

"టీ తాగుతున్నాను."

"నువ్వు టీ ముట్టవని పార్కులో అందరికీ తెలుసు!" దేవకుమార్ అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "నీళ్ళ సీసా నింపుకోవడానికి వెళ్ళానని చెప్పు. కుళాయి దగ్గరున్నాను, కేక వినబడి వెనక్కి తిరిగాను అను. అంతే. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకు."

సారా తలూపింది. పొద్దుటినుంచీ తలూపడం తప్ప ఆమె చేసిందేమీ లేదు. మధురానగర్‌లో వాళ్ళుండే రెండు గదుల వాటాలో వంటిల్లు ఎంతని! ఆ ఇరుకులోనే దేవకుమార్ అటు రెండడుగులు, ఇటు రెండడుగులు తిరుగుతున్నాడు. పొయ్యి మీద పప్పు అడుగంటి వాసనొస్తోంది. పొయ్యి కట్టేసే ధ్యాస ఇద్దరికీ లేదు.

ఆమె ఒంటి మీద ఇంకా ఆకుపచ్చ కోటే ఉంది. పార్కులో చార్జింగు కేంద్రం వాళ్ళిచ్చిన కోటు. కుడిచేతి అంచున మాస్టారి రక్తం ఎండి నల్లబడింది.

"ముందు అది విప్పి నానబెట్టు," అన్నాడు దేవకుమార్.

విప్పుదామనే అనుకుంది. ఆ మరకనే చూస్తూ ఉండిపోయింది.

జరగడానికి ఎంతసేపు పట్టింది గనక! జూబ్లీ హిల్స్ పార్కులో, గేటు లోపల ఎడమచేతి పక్కన, నాలుగు చార్జింగు పెట్టెలున్నాయి. చుట్టుపక్కల బంగ్లాల డ్రైవర్లు పొద్దున్నే, యజమానులు నిద్ర లేవకముందే, కార్లు తెచ్చి అక్కడ పెడతారు. తాళాలు సారా చేతికిచ్చి టీకి పోతారు. ఆమె వాటిని వరసగా మేకులకు తగిలించుకుంటుంది. ఒక బండికి చార్జింగు నిండగానే తీగ ఊడదీసి, ఆ బండిని పదడుగులు వెనక్కి జరిపి, కాచుకున్న బండికి చోటిస్తుంది. ఇది ఆమె ఉద్యోగంలో లేని పని. తీగలు చూసుకోవడం, కొత్తగా వచ్చినవాళ్ళకు ఫోన్లో యాప్ తెరిచి చూపించడం, అంతవరకే ఆమె డ్యూటీ. కానీ "సారమ్మా, జర బండి జరపరాదూ" అని పదిమంది అడిగితే కాదనే మనిషి కాదు. పైగా ఆరునెలలుగా ఆమెకు అదొక సరదా కూడా అయింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక ఖాళీ జాగాలో స్టీరింగు పట్టడం నేర్పింది దేవకుమారే. నేర్పింది కూడా వాళ్ళ సార్ కారు మీదే! లైసెన్సు ఇంకా రాలేదు. నేర్చుకునేవాళ్ళకిచ్చే ఎల్‌ఎల్‌ఆర్ కాగితం మాత్రం బీరువాలో భద్రంగా ఉంది.

ఇవాళ ఆమె జరిపింది ఆ కారునే. దేవకుమార్ డ్రైవరుగా పనిచేసే సినిమా నిర్మాత చంద్రశేఖర్ గారి తెల్ల కారు. బంగ్లాలో ఉన్న ఒక్క చార్జరూ ఆయన కొడుకు చిన్నబాబు కారుకే అంకితం గనక, దేవకుమార్ పెద్దకారును రోజూ పార్కుకు తెస్తాడు.

సుబ్బరామయ్య మాస్టారు వెనక్కి నడుస్తున్నారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. మోకాళ్ళకు మంచిదని ఎవరో చెప్పినప్పటినుంచీ రోజూ నాలుగు రౌండ్లు ముందుకు, రెండు రౌండ్లు వెనక్కి. అదే పెట్రోలు బండైతే గుర్రుమనేది, ఆయన పక్కకు గెంతేవారు. ఈ బండికి ఆ గుర్రు లేదు. గేటు బయట ఎవడో క్యాబ్ వాడు చోటు కోసం ఒకటే హారన్ కొడుతున్నాడు. సారా కంగారుగా గేరు మార్చింది. ఆయన వెనక్కి, బండి వెనక్కి. ఆయన తల ట్రాక్ అంచు రాయికి తగిలిన చప్పుడు మాత్రం ఆమెకు బాగా వినబడింది.

ఆమె దిగి మాస్టారి తల ఒళ్ళో పెట్టుకుంది. ఎవరో వాకరు తన కారులో ఆయనను, ఆయన భార్య సత్యలక్ష్మి గారిని ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆ తరవాత పావుగంటకు పోలీసులొచ్చారు. "బండి ఎవరు తోలారు?" అని అడిగారు. సారా నోరు తెరిచే లోపల, అప్పటికే టీ బండి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చిన దేవకుమార్ ముందుకొచ్చి "నేనే సార్" అన్నాడు. తెల్ల యూనిఫామ్, జేబులో లైసెన్సు, చేతిలో తాళం. అనుమానించడానికి ఏముంది? కారును స్టేషనుకు పట్టుకుపోయారు. సాయంత్రం ఐదింటికి వచ్చి వాంగ్మూలం రాసి సంతకం పెట్టమన్నారు.

ఇప్పుడు ఒంటిగంటన్నర.

"ఎవరైనా చూసి ఉంటే?" అంది సారా.

"ఎవరు చూస్తారు? పెట్టెల మీద కెమెరా వానల్లో పోయింది, ఇంకా బాగుచెయ్యలేదు. క్యాబ్ వాడు గొడవ విని అట్నుంచటే పోయాడు. అమ్మాజీ మన మనిషి. మాస్టారి భార్య ఎప్పట్లాగే బెంచీ మీద కూర్చుని జపం చేసుకుంటోంది."

"ఆయన లేచి చెబితే?"

"ఆయన వెనక్కి నడుస్తున్నాడే పిచ్చిదానా! ఆయన వీపుకేమన్నా కళ్ళున్నాయా?"

ఆయన లేవకపోతే? ఆ మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ అనలేదు. కుక్కర్ పక్కన గోడ గడియారం టక్కుటక్కుమంటోంది. సారాకు జైలంటే భయం. మొగుడు జైలుకెళ్తాడంటే ఇంకా భయం. అన్నిటికన్నా మాస్టారి ఇంటావిడ బొట్టు తన చేత్తో చెరిపేశానేమోనన్న భయం, అది మిగతా రెండింటినీ మింగేస్తోంది.

చెప్పుల చప్పుడైంది. జెరూష వచ్చింది. డిగ్రీ మూడో ఏడు చదువుతున్న పిల్ల, తండ్రి పోలిక, తల్లి మాట మెతకదనం అసలు రాలేదు. పొయ్యి కట్టేసింది. తల్లి కోటు తనే విప్పింది.

"కిటికీ పక్కన నిలబడి అంతా విన్నాను," అంది. "నాన్నా, నువ్వు స్టేషనుకెళ్ళి అబద్ధం రాసిస్తావా?"

"మెల్లిగా మాట్లాడు. కింద ఇంటివాళ్ళున్నారు."

"రాసిస్తావా లేదా?"

"రాసిస్తాను. లైసెన్సున్న డ్రైవరు బండి తీస్తూ ముసలాయన్ని చూసుకోలేదంటే అది యాక్సిడెంటు. లైసెన్సు లేని ఆడమనిషి తీసిందంటే? ఉద్యోగం పోతుంది, కేసు ముదురుతుంది, తాళాలిచ్చినందుకు డ్రైవర్లందరికీ మూడుతుంది. మీ అమ్మ ఒక్క రాత్రి లాకప్‌లో ఉండగలదా? చెప్పు, ఉండగలదా?"

"అబద్ధమని తేలితే?"

"తేలదు."

"అంత ధైర్యంగా ఎలా చెబుతున్నావు?"

సారాకు తెలుసు ఎందుకు చెప్పగలుగుతున్నాడో. చెప్పొద్దని కళ్ళతోనే బతిమాలింది. అతను చూళ్ళేదు.

"ఎందుకంటే ఇది నాకు మొదటిసారి కాదు," అన్నాడు. "రెండేళ్ళ కిందట షేక్‌పేట ఫ్లైఓవర్ దగ్గర చిన్నబాబు స్కూటరు వాణ్ణి గుద్దాడు. వాడికి కాలు విరిగింది. స్టీరింగు ముందు నేనున్నానని నేనే చెప్పాను. సార్ అంతా చూసుకున్నారు. ఆర్నెల్లు తిరిగేసరికి అందరూ మర్చిపోయారు."

"కౌస్తుభ్ బాబు గుద్దితే నువ్వు..." జెరూష తల్లి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

సారా చూపు దించుకుంది.

"రెండేళ్ళ కిందటంటే నేను కాలేజీలో చేరినప్పుడు. సార్ ఫోన్ చేస్తే సీటు వచ్చింది." "అందుకా నాన్నా?"

దేవకుమార్ గోడ గడియారం వైపు చూశాడు. జెరూష గుమ్మానికి ఆనుకుంది. "అబద్ధం అలవాటైపోయింది నీకు," అంది.

"అలవాటు కాదే, అనుభవం."

ఇరవై ఏళ్ళుగా ఫిల్మ్ నగర్‌లో బళ్ళు తోలుతున్నవాడికి డైలాగుకి కొదవేముంది! కానీ చెప్పినవాడి పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

ఫోన్ మోగింది. చంద్రశేఖర్ గారి భార్య హైమ. దేవకుమార్ ఉలిక్కిపడి నిటారుగా నిలబడ్డాడు, ఆవిడ ఎదురుగా ఉన్నట్టే. కంగారులో స్పీకర్ నొక్కాడు.

"దేవా, సార్ లాయర్ గారితో మాట్లాడారు. బండి నువ్వే కదా నడిపింది?"

"నేనే మేడమ్."

"పార్కులో మీ డ్రైవర్లందరూ తాళాలు ఎవరికో ఇచ్చిపోతారట, కౌస్తుభ్ చెబుతున్నాడు. అలాంటిదేమైనా ఉంటే ఇప్పుడే చెప్పు. మాకు తెలీకుండా డ్రైవరు బండి బయటివాళ్ళకిచ్చాడని రాసిచ్చేస్తే మేం సేఫ్ అంటున్నారు లాయర్ గారు."

"అలాంటిదేం లేదు మేడమ్. నా చేతిలోనే ఉంది తాళం."

"సరే. ఇది తేలేదాకా నువ్వు పనికి రానక్కర్లేదు. ఏమనుకోకు."

ఫోన్ ఆగిపోయింది. ఏమనుకోవాలో తెలియనివాడిలా దేవకుమార్ దాన్నే చూస్తూ నిలబడ్డాడు. చిన్నబాబు విషయంలో ఆ ఇల్లంతా వెనక నిలబడింది. ఇవాళ వెనక ఎవరూ లేరని అతనికి అప్పుడే తెలిసొచ్చినట్టుంది.

"ఏవండీ," అంది సారా. "నేనే వెళ్ళి చెప్పేస్తాను. ఏదైతే అది అవుతుంది."

"నోర్ముయ్!"

పెళ్ళై ఇరవై రెండేళ్ళు. ఆ మాట అతని నోట ఎప్పుడూ వినలేదు. అన్నవాడే బెదిరిపోయాడు. దగ్గరికొచ్చి ఆమె భుజం మీద చెయ్యేశాడు.

"చిన్నబాబు కోసం నిలబడ్డవాణ్ణి, నీ కోసం నిలబడనా? ఇంట్లో ఉండు. తలుపేసుకో. ప్రార్థన చేసుకో. నేనొచ్చేదాకా ఎవరితోనూ ఏమీ అనకు. నా మీద ఒట్టు."

సారా మళ్ళీ తలూపింది. ఏం చేస్తుంది!

నాలుగున్నరకు దేవకుమార్ స్నానం చేసి, చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని బయల్దేరాడు. స్కూటరు తాళం రెండుసార్లు పెట్టినా దూరలేదు. జెరూష తాళం తీసుకుని తనే ముందు కూర్చుంది. లక్షల ఖరీదు చేసే కార్లు తోలిన డ్రైవరు కూతురి వెనక, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. స్కూటరు సందు మలుపు తిరిగేదాకా సారా పిట్టగోడ దగ్గరే నిలబడింది.

లోపలికొచ్చి మోకరించింది. "ప్రభువా" అన్నది. ఏం అడగాలి? మాస్టారు బతకాలని అడగాలి. ఆ వెంటనే, బతికితే ఏం చెబుతారోనని అనిపించింది. అలాంటి ఆలోచన తనకొచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫోన్. అమ్మాజీ.

"సారా, ఏడున్నవ్?"

"ఇంట్లోనే."

"ఇంట్లనే ఉండు. మాస్టరు సారు ఇంక కండ్లు తెరువలేదంట. షేక్‌పేట ఫ్లైఓవర్ తాన దవాఖానల ఉన్నరంట. పొద్దుగాల పోలీసాయన నా తాన గూడ వచ్చిండు. నేనేం జూడలే, పాలు గాస్తున్న అని చెప్పిన. నువ్వేం ఫికర్ జెయ్యకు."

"అమ్మాజీ, నువ్వు చూశావుగా."

"నేనేం జూడలే బిడ్డా," అని మళ్ళీ అంది. ఫోన్ పెట్టేసింది.

సారాకు అప్పుడు నిజంగా భయమేసింది. తన కోసం ఇంకెంతమంది అబద్ధమాడాలి? మొగుడు, టీ అమ్ముకునే మనిషి, రేపు కూతురు! చెంగు ముఖానికి అద్దుకుని, తలుపుకు తాళం వేసి, సందు చివర ఆటో ఎక్కింది. ఒట్టు గుర్తొచ్చింది. ఎవరితోనూ ఏమీ అనను, మాస్టారిని ఒక్కసారి చూసి వచ్చేస్తాను, అంతే, అని తనకు తను సర్ది చెప్పుకుంది.

ఆసుపత్రి మూడో అంతస్తులో, ఐసీయూ బయట, ఇనుప కుర్చీలో సత్యలక్ష్మి గారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఒళ్ళో మాస్టారి కళ్ళజోడు, ఒక బూటు. రెండోది పార్కులోనే ఉండిపోయి ఉంటుంది.

సారా మెట్ల దగ్గరే ఆగింది. ఆవిడే చూశారు.

"వచ్చావా సారా. రా, ఇలా కూర్చో."

"మాస్టారు ఎలా..."

"తలలో రక్తం గడ్డ కట్టిందట. మందు ఎక్కిస్తున్నారు. ఇందాక బొటనవేలు కదిపారని నర్సు చెప్పింది. కదిపారో, నా తృప్తి కోసం చెప్పిందో." ఆవిడ సారా చెయ్యి పట్టుకున్నారు. "ఇదేమిటి, ఇంత చల్లగా ఉన్నావు? పొద్దుటినుంచీ ఏమన్నా తిన్నావా?"

తిట్టి ఉంటే సారా తట్టుకునేది. జుట్టు పట్టుకుని కొట్టినా తట్టుకునేది. తిన్నావా అని అడిగేసరికి కట్ట తెగింది. కుర్చీలోంచి జారి ఆవిడ పాదాల దగ్గర కూలబడింది.

"అమ్మగారూ, బండి నడిపింది నేనండీ. నేనే. వెనక ఏదన్నా ఉంటే ఆ బండి లోపల కూస్తుంది. కూసింది. అక్కడ గుబురు మొక్కలున్నాయి కదండీ, వాటిక్కూడా రోజూ కూస్తుంది. మొక్కలే అనుకున్నాను."

సత్యలక్ష్మి గారు ఆమె తల నిమిరారు.

"నువ్వేనని నాకు తెలియకపోవడమేమిటే? చూస్తూనే ఉన్నానుగా."

సారా ఏడుపు ఠక్కున ఆగింది.

"మీరు... జపం..."

"జపం ఆయన ముందుకు నడిచినంతసేపే. వెనక్కి తిరిగారంటే నేను కళ్ళు తెరుస్తాను. కుక్క వస్తోంది, రాయి ఉంది, పిల్లలొస్తున్నారు అని చెబుతూ ఉంటాను. నా మాట నమ్ముకునే ఆయన వెనక్కి నడుస్తారు." ఆవిడ కళ్ళజోడు కొంగుతో తుడిచారు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. "ఇవాళ బండి కదలడం చూశాను. ఆగిపోతుందిలే అనుకున్నాను. చప్పుడే లేదు కదా, కదులుతోందన్న నమ్మకం కుదిరేసరికి ఆలస్యమైపోయింది. అరవడానికి నోరు రాలేదు సారా. తప్పు నీ ఒక్కదానిదైతే నాకింత బాధ ఉండేది కాదు."

లోపల ఏదో యంత్రం ఆగి ఆగి మోగుతోంది.

"పోలీసాయనకూ ఇదే చెప్పాను," అన్నారు సత్యలక్ష్మి గారు.

"ఏమని చెప్పారు?"

"ఉన్నదున్నట్టే. రెండింటికి వచ్చి రాసుకెళ్ళాడు. చార్జింగు దగ్గర పనిచేసే సారా అనే అమ్మాయి బండి జరుపుతోంది, మా ఆయన చూసుకోకుండా వెనక్కి నడుస్తూ వచ్చారు, పిల్ల వెంటనే దిగి తల ఒళ్ళో పెట్టుకుంది, దాని తప్పేమీ లేదు, మాకు ఏ కేసూ వద్దు అన్నాను. పాపం, నీకు ధైర్యంగా ఉంటుందని ఫోన్ చేద్దామనుకున్నాను, నీ నంబరు ఆయన ఫోన్లో ఉంది, అది నాకు తెరవడం రాదు. ఏం? అలా చూస్తున్నావేం? నేనేమన్నా తప్పు చెప్పానా?"

సారా గోడ మీద గడియారం చూసింది. ఐదూ పన్నెండు.

రెండింటికే పోలీసుల దగ్గర నిజం ఉంది. కేసు వద్దన్న మాటతో సహా ఉంది. అదేమీ తెలియని మనిషి తెల్లచొక్కా వేసుకుని, బండి నేనే నడిపానని రాసివ్వడానికి వాళ్ళ ముందుకు వెళ్ళాడు!

ఫోన్ తీసింది. ఒకసారి తప్పు నొక్కింది. రెండోసారి కలిసింది. మోగుతోంది. మోగుతోంది.

"అమ్మా?" జెరూష.

"నాన్నకివ్వు. తొందరగా."

"నాన్న లోపలున్నాడు. ఫోన్ బయట ఇచ్చి రమ్మన్నారు. నువ్వెక్కడున్నావు? ఆ చప్పుళ్ళేంటి?"

"జెరూషా, పరుగెత్తు. సంతకం పెట్టొద్దని చెప్పు. మాస్టారి భార్య చూసింది. అంతా చెప్పేసింది. వాళ్ళకు నా పేరు తెలుసు. పరుగెత్తవే తల్లీ!"

చెప్పుల చప్పుడు. ఎవరో మగగొంతు "ఏయ్ అమ్మాయ్, ఎక్కడికి?" అన్నది. తలుపు కిర్రుమంది. సారా ఫోన్ చెవికి ఎంత గట్టిగా అదుముకుందంటే చెవి నొప్పెట్టింది. సత్యలక్ష్మి గారు ఏమైందో తెలియక ఆమె మోచెయ్యి పట్టుకుని "ఏమైందే? ఏమైంది?" అంటున్నారు.

"అమ్మా." జెరూష గుసగుసగా మాట్లాడుతోంది. మధ్యాహ్నం తండ్రితో పోట్లాడిన గొంతు కాదది, చిన్నప్పుడు చీకటి గదిలో పిలిచిన గొంతు. "పెట్టేశాడమ్మా. రెండు కాగితాల మీదా పెట్టేశాడు. ఎస్సై గారు నాన్న రాసింది చదివి, పక్కన ఇంకో కాగితం పెట్టుకుని రెండూ కలిపి చూస్తున్నారు. నాన్నకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఇంకోసారి బాగా ఆలోచించుకున్నావా అని అడిగితే, ఆలోచించుకున్నాను సార్ అన్నాడు."

"నాన్నని పిలువు. ఒక్కసారి పిలువు!"

"పిలవనివ్వట్లేదు. ఇక్కడొక లేడీ కానిస్టేబుల్ నా చెయ్యి పట్టుకుంది. నన్ను అడుగుతోందమ్మా, పొద్దున పార్కులో బండి నడిపింది మీ అమ్మేనా అని. నాన్న అద్దాల గదిలోంచి నన్నే చూస్తున్నాడు." పిల్ల ఊపిరి ఫోన్లో ఎగిసెగిసి పడింది. "ఏం చెప్పను?"